మనింట్లో లేని కుక్క

అమ్మా,

నువ్వు లేని మొదటి చలికాలం ఇది. పాపకు జలుబు చేస్తే మంచి ముక్కలు తెచ్చి రెండుసార్లు చికెన్ సూప్ కాచాను. నీ రుచి రాలేదు.

ఇవాళ పురానాపూల్‌లో నువ్వు వెళ్లే చికెన్ దుకాణానికే వెళ్లాను. భాయ్ నన్ను గుర్తుపట్టి, అడక్కుండానే కోడికాళ్లు, మెడలు కవర్‌లో వేసిచ్చాడు.

"మీ అమ్మ చలికాలమంతా గివే తీస్కపోతుండె బేటీ, కుక్కకని. మంచిగున్నదా కుక్క?"

మనం కుక్కను ఎప్పుడు పెంచాం? అయినా "మంచిగనే ఉన్నది భాయ్" అన్నాను.

వాటినే అల్లం, మిరియాలు దంచి వేసి మరిగించాను. అచ్చం నీ సూపే! పాప రెండో గిన్నె అడిగింది.

రేపు మళ్లీ వెళ్లాలి. భాయ్ కుక్క పేరడిగితే ఏం చెప్పను? నా పేరే చెప్పనా?