ఉల్లిపాయ లేని పులుసు

అద్దంకి, నవంబరు 1998

అక్కా,

అత్తమ్మకి జ్వరం తగ్గింది, దిగులు పడకు. అన్నం మాత్రం నిన్నటిదాకా ముట్టలేదు. నిన్న బజారులో ఉల్లిపాయల ధర విని ఖాళీ సంచితో తిరిగొచ్చాను. వేటకి పడవలు పోని రోజుల్లో వాడరేవులో అమ్మ వండినట్టే, నువ్వు పంపిన ఎండు మెత్తళ్ల చేపల్లో చింతకాయ నూరి వేసి, ఉల్లిపాయ లేకుండానే పులుసు పెట్టాను. అత్తమ్మ మారు అన్నం పెట్టించుకుని, "ఎవరు నేర్పారే శాంతీ?" అంది. "మా అమ్మండీ" అన్నాను. అమ్మ పోయాక ఆ మాట ఇంత సంతోషంగా అనడం ఇదే మొదలు.

మెత్తళ్లు అయిపోయాయి, ఎవరైనా ఇటొస్తుంటే పంపు. బావ కొత్త వల అల్లడం అయిందా? పులుసు దించేముందు అమ్మ ఏదో ఆకు చిదిమి వేసేది. వాసన గుర్తుంది, పేరు గుర్తు రావడం లేదు. నీకు తెలిస్తే రాయి.

పిల్లల్నీ మిమ్మల్నీ దేవుడు చల్లగా చూడాలి.

నీ చెల్లెలు
శాంతి