గడియారంలో మూడు చోట్లు

అక్కా,

నేను, కోటిని. వచ్చే పౌర్ణమికి నువ్వు పోయి ఏడాది. ఈ ఏడాదిలో నీతో మాట్లాడాలని కూర్చున్న ప్రతిసారీ ఏదో పని కల్పించుకుని లేచిపోయాను. ఇవాళ కొట్టు మూసేసి, తలుపు గడియ వేసుకుని కూర్చున్నాను.

ముందు నీ మేనకోడలు మణి సంగతి చెప్తాను. నువ్వు మొదట అడిగేది దాని గురించే కదా. బాగానే ఉంది. పదేళ్ళు నిండాయి. నీ అంత పొడుగవుతుందని అందరూ అంటున్నారు. కుడి చెయ్యి మాత్రం ఇంకా పూర్తిగా నిలవదు. చెంబు ఎత్తితే మణికట్టు దగ్గర వాలిపోతుంది. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంది. నువ్వు చూసేనాటికి పొత్తిళ్ళలో ఉన్న చిన్నవాడు ఇప్పుడు వీధంతా పరుగులు పెడుతున్నాడు.

గుడివాడలో మనం గడిపిన ఆ రోజులు... నీకు అక్కడ కూడా గుర్తొస్తాయా? నాకైతే అవి తప్ప వేరే రోజులున్నట్టే లేదు.

ఆ చలికాలమంతా మణి కడుపునొప్పంటూ ముడుచుకుపోయేది. తిన్నది కక్కుకునేది. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నులిపురుగులన్నారు, దిష్టన్నారు. ఒకరోజు పొద్దున్నే ఫిట్స్ వచ్చి నీ ఒళ్ళోనే కొయ్యబారిపోయింది. నీ మరదలు సరోజ అప్పటికి పచ్చి బాలింత. నువ్వూ నేనూ పిల్లని దుప్పట్లో చుట్టుకుని బందరులో బస్సెక్కాం. గుడివాడలో మద్రాసు చదువు చదివిన డాక్టరుగారు నాలుగు మంచాలతో ఆస్పత్రి పెట్టారని ఎవరో చెప్పారు.

ఆయన పిల్లని చూసి, ఒంట్లో విషం ఉందన్నారు. పాషాణమో, పాదరసమో, మరేదైనా లోహమో తెలియదు, తెలిసేదాకా ఆగితే పిల్ల దక్కదన్నారు. బెజవాడ మనిషిని పంపి మందు తెప్పించారు. నూనెలా చిక్కగా, కుళ్ళిన వెల్లుల్లి వాసన వేసే మందు. పిరుదులోకి లోతుగా దించాలి. నాలుగేసి గంటలకోసారి, పగలూ రాత్రీ. వేళ తప్పితే మందు పట్టు సడలిపోతుందని, మళ్ళీ ఫిట్స్ వస్తే తన చేతిలో ఏమీ ఉండదని చెప్పారు.

ఉన్నది ఒక్కడే కాంపౌండరు. పగలంతా పనిచేసి, రాత్రి ముందు గదిలో బల్ల మీద ఒళ్ళు తెలియకుండా పడుకునేవాడు. వేళకి అతన్ని లేపడం మన పని. గడియారం చూడటం నీకు రాదు. అయినా ఆ పని నువ్వే తీసుకున్నావు.

"నాకు అంకెలు రావురా. చిన్న ముల్లు ఎక్కడికొస్తే లేపాలో చూపించు, చాలు" అన్నావు.

చూపించాను. రెండు, ఆరు, పది. "అంతేనా? మూడే చోట్లు కదా! ఆ మాత్రం కనిపెట్టుకోలేనూ?" అన్నావు. గోడ గడియారం కింద ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నావు. ఒకసారి తెల్లవారుజామున వచ్చి చూస్తే నిలబడి ఉన్నావు. కూర్చుంటే కళ్ళు మూతపడుతున్నాయట.

నేనేం చేశాను? సూది తెస్తుంటే వరండాలోకి వెళ్ళిపోయేవాణ్ణి. మణి కేకలు వినలేక చెవులు మూసుకునేవాణ్ణి. దాన్ని ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని, కదలకుండా పట్టుకున్నది నువ్వు. "ఈ ఒక్కటీ పొడిపించుకో తల్లీ, తర్వాతది ఇంకా చాలా దూరం" అనేదానివి ప్రతిసారీ. అది నమ్మేది. ప్రతిసారీ నమ్మేది అక్కా...

రెండో రోజు మా అత్తగారు కారియరు పట్టుకుని వచ్చారు. విషం అనే మాట వినగానే ఆవిడ నోట వచ్చింది నీ పేరు. వండేది నువ్వు, మణికి కలిపి పెట్టేది నువ్వు. పిల్లల్లేని విధవ, తమ్ముడి ఇల్లు నిండుతుంటే చూడలేకపోయిందేమో అన్నారు. నువ్వు గుమ్మం అవతలే ఉన్నావు. నీకు వినపడిందని నాకు తెలుసు.

అమ్మ పోయాక నీ చేతి ముద్దలు తిని పెరిగినవాణ్ణి. ఆవిణ్ణి అక్కడే ఆపాల్సింది. ఆపకపోగా నీ దగ్గరికొచ్చి, పిల్లకి ఏం పెట్టావని అడిగాను. ఎలా అడిగానో కూడా గుర్తుంది. నీ కళ్ళల్లోకి చూడకుండా, తలుపు వైపు చూస్తూ...

"మీరు తిన్నదే పెట్టానురా" అన్నావు. మళ్ళీ నువ్వే, "నేనే ఏదైనా చూసుకోకుండా పెట్టేశానేమో... మెతుకు మెతుకూ తలుచుకుంటున్నాను, తట్టడం లేదురా కోటీ" అన్నావు.

అది విని కూడా నేను ఆస్పత్రి ఆయా దగ్గరికి వెళ్ళాను. పిల్లకి పాలైనా, నీళ్ళయినా నువ్వే తాగించు, మా అక్క చేత ఇప్పించకు అని చెప్పాను. ఎవరో ఒకరు నీకు చెప్పి ఉంటారు. లేకపోతే నువ్వే కనిపెట్టి ఉంటావు. ఆ పూట నుంచి మణి దాహమంటే, పక్కన కూజా ఉన్నా, ఆయాని కేకేసేదానివి. అత్తే ఇవ్వాలని అది ఏడిచేది. నువ్వు చేతులు కొంగులో చుట్టుకుని కూర్చునేదానివి. చిన్న ముల్లు తన చోటికి రాగానే మళ్ళీ అవే చేతులతో దాన్ని పట్టుకునేదానివి. సూదికి మాత్రం నీ చేతులు పనికొచ్చాయి నాకు.

ఒక్క మోతాదు కూడా వేళ తప్పలేదు. మూడో రోజు సాయంత్రం మణి కళ్ళు తెరిచి నిన్ను గుర్తుపట్టింది.

ఆ మర్నాడు జరిగింది నీకు తెలియదు. తెలియకూడదని నేనే చేశాను.

డాక్టరుగారు పిల్ల నోరు చూసి, ఎందుకో నన్ను వరండాలోకి పిలిచి నా చిగుళ్ళు చూపించమన్నారు. పళ్ళ మొదట్లో నల్లటి గీత ఉందట. ఏం పని చేస్తారని అడిగారు. బ్యాటరీలకి ఛార్జింగ్ పెడతాను, పాతవి విప్పి సీసం కరిగించి గిలకలదిండి చేపల పడవల వాళ్ళకి వల గుండ్లు పోస్తాను అన్నాను. విప్పిన బ్యాటరీల్లో మిగిలినవి ఏం చేస్తారన్నారు. సీసపు పలకల మధ్య ఉండే పల్చటి చెక్కలు ఎండబెట్టి, ఇంటికి తెచ్చి నీళ్ళ పొయ్యిలోకి ఇస్తానని చెప్పాను. బాగా అంటుకుంటాయని కూడా చెప్పాను. ఆ చలికాలమంతా మణి పొద్దున్నే లేచి ఆ పొయ్యి ముందు చలి కాచుకుంటూ కూర్చునేది కదా...

ఆయన "ఆ పొయ్యి ఇవాళే ఆపించండి. విషం అక్కడుంది, ఆ చెక్కలకి పట్టిన సీసంలో" అన్నారు.

నువ్వు గోడకవతల, పది అడుగుల దూరంలో ఉన్నావు. లోపలికొచ్చి ఒక్క మాట చెప్పలేకపోయాను. సరోజకి తెలిస్తే పిల్లని చంపబోయినవాడిగా చూస్తుందని భయం. ఆ పొయ్యి వెలిగించకండి, చెక్కలు కంపు కొడుతున్నాయి అని ఇంటికి కబురంపాను. నిజం మాత్రం నాలోనే దాచుకున్నాను. ఎలాగూ నువ్వు మోస్తున్నావు కదా అని, ఆ నింద నీ మీదే ఉంచేశాను.

ఇంతకంటే వేరే మాట లేదక్కా. ఉంచేశాను.

పిల్లని తీసుకుని తిరిగొస్తూ పామర్రులో దిగాం. బందరు బస్సు కోసం చూస్తుంటే, నువ్వు చల్లపల్లి బస్సు దగ్గరికి నడిచావు. నాగాయలంకలో పిన్ని దగ్గరికి వెళ్తానన్నావు. బట్టలకైనా ఇంటికి రాలేదు. ఆ బస్సు కదలడానికి ఇంకా చాలా సమయం ఉంది. కిటికీ దగ్గర నిలబడ్డాను. సోడా తాగుతావా అని అడిగాను.

"దానికి కుంకుడురసం కళ్ళల్లో పడితే పడదురా. తలంటేటప్పుడు చూసుకోమను" అన్నావు. నీ నోట నేను విన్న ఆఖరి మాట అదే.

ఏడాదిన్నర ఉన్నావు అక్కడ. బస్సెక్కితే ఒక్క పూట ప్రయాణం. ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ గడిపాను. నీకు జ్వరమని కబురు వచ్చి నేను చేరేసరికి అంతా అయిపోయింది.

పిన్ని అరుగు మీద నా పక్కన కూర్చుని, నన్ను అడిగింది. "ఏమిట్రా కోటీ, దానికేమైంది? వచ్చిన దగ్గర్నించీ ఒక్కనాడు కూడా వంట పొయ్యి దగ్గరికి రాలేదు. పసివాళ్ళు అడిగినా మంచినీళ్ళు కూడా ముంచి ఇవ్వలేదు. నా చేత్తో వద్దు పిన్నీ అనేది. ఎందుకలాగ?"

తెలియదు పిన్నీ అన్నాను. నిన్ను కాటికి తీసుకెళ్ళి ఇంకా గంట కాలేదు. తెలియదన్నాను.

నువ్వు నమ్మావా అక్కా? నీ చేతిలోనే ఏదో ఉందని చివరిదాకా నమ్మే పోయావా? లేక మా అందరి మీదా కోపంతో అలా ఉన్నావా? కోపమే అయ్యుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో...

పోయిన నెల మా అత్తగారు వచ్చారు. మాటల్లో మణితో అన్నారట, అప్పట్లో నీకు విషం పెట్టింది మీ మేనత్తే అని. అది కొట్టుకొచ్చి నా ఎదురుగా నిలబడి, అత్త నాకు విషం పెట్టిందా నాన్నా అని అడిగింది. ఏడవలేదు. జవాబు కోసం చూస్తూ నిలబడింది.

అప్పుడు చెప్పాను. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, సరోజ ముందు, అత్తగారి ముందు మొత్తం చెప్పాను. అత్తగారు ఆ పూటే మూట సర్దుకుని వెళ్ళిపోయారు. సరోజ మర్నాడు పొద్దున గునపం తెచ్చి ఆ నీళ్ళ పొయ్యి దిమ్మ పడగొట్టింది. అన్నం పెడుతోంది, అడిగిన దానికి జవాబు చెప్తోంది, అంతే. మణి నాలుగైదు రోజులు నా ముఖం చూడలేదు. తర్వాత తనే వచ్చి నీ గురించి అడగడం మొదలుపెట్టింది. నువ్వు గడియారం ఎలా చూశావో చెప్పాను. ఆ మూడు చోట్లూ గోడ గడియారంలో చూపించమంది.

సీసం కరిగించడం ఎప్పుడో మానేశాను. మానేస్తే చాలదు కదా. అలాంటి చెక్కలు పొయ్యిల్లో పెట్టే ఇళ్ళు బందరులో ఇంకా ఉన్నాయి. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి చెప్తున్నాను. నీకెలా తెలుసని అడుగుతారు. మా పిల్లకి జరిగిందంటాను. ఎవరు తెచ్చారంటారు. నేనే అంటాను. మొదటి రెండు ఇళ్ళలో నోరు పెగల్లేదు. ఇప్పుడు పెగులుతోంది.

పౌర్ణమి నాడు పిన్ని వాళ్ళు నీ పేరున భోజనాలు పెడుతున్నారు. మణిని తీసుకుని వస్తున్నాను. అన్నం తనే వడ్డిస్తానంటోంది. చెయ్యి నిలవదు కదే అంటే, ఎడమ చెయ్యి కింద ఆనించుకుంటాను అంది.

విస్తళ్ళ ముందు అందరూ కూర్చున్నాక, ఎవరూ ముద్ద ఎత్తకముందే నేను లేచి చెప్తాను. మా అక్క చేతిలో ఏమీ లేదు, ఉన్నది నా చేతిలో అని చెప్తాను. ఆ మాట విన్నాక నాతో కలిసి తినేవాళ్ళు తింటారు, లేనివాళ్ళు లేస్తారు. నేను మాత్రం లేవను. మణి వడ్డించినది నీ పేరు చెప్పుకుని తింటాను.

వస్తున్నానక్కా. ఈసారి తప్పించుకోను.

నీ కోటి