అభ్యంతరాలు ఏమీ రాలేదు

ఫిబ్రవరి 18, బుధవారం

నెలవంక కనిపించింది. రేపటి నుంచి రోజాలు.

అమ్మ మళ్లీ అడిగింది, నువ్వసలు ఏం ఉద్యోగం చేస్తావే అని. పక్కింటి పిచ్చమ్మ గారికి చెప్పాలట. ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఇంటర్నెట్‌కి ఏ రూల్స్ ఉండాలో తేల్చే వలంటీర్లు నలభై దేశాల్లో నాలుగొందల మంది ఉన్నారు. వాళ్ల మీటింగులు, మినిట్స్, మెయిలింగ్ లిస్టు నడిపే టీమ్‌కి నేను లీడ్‌ని, సత్తెనపల్లిలో మా మేడ మీది గదిలోంచి. వాళ్లకి జీతం లేదు, అభిప్రాయాలున్నాయి. నాకు జీతం ఉంది, అభిప్రాయం ఉండకూడదు. పెళ్లికి వంట చేసేవాళ్లని పెళ్లికొడుకు నచ్చాడా అని ఎవరూ అడగరు కదమ్మా, అలాంటిదన్నాను. అయితే వంటమనిషివని చెప్పనా అంది.

ఫిబ్రవరి 20

కొత్త ప్రపోజల్ లాస్ట్ కాల్‌లో ఉంది. వరసగా మూడు మీటింగులకి రాని సభ్యులకి ఓటు తీసేయాలని. గడువులోగా ఎవరూ కాదనకపోతే పాసైనట్టే. మౌనం అర్ధాంగీకారం అంటారు, మా దగ్గర అది పూర్తి అంగీకారం. గడువు మన టైమ్‌లో 25వ తేదీ ఉదయం 5:29.

నాకీ ప్రపోజల్ నచ్చలేదు. ఇక్కడ రాసుకోవచ్చు, ఇది మినిట్స్ కాదు కదా.

ఫిబ్రవరి 22, ఆదివారం

వాన. ఫిబ్రవరిలో వాన! లాప్‌టాప్ మూసి కల్లానికి రమ్మని నాన్న ఫోన్‌లో అరిచాడు. నాన్న, నేను, కూలికొచ్చిన కొండమ్మ పరిగెత్తి పట్టాలు కప్పేలోపే ఒక పక్క మిరపకాయలన్నీ తడిశాయి. కళ్లు, చేతులు మంట. అప్పుడు మోగింది ఫోన్. ఒక మెయిల్ ఆగి ఉంది, చూడండి అని. లిస్టుకి మొదటిసారి రాసేవాళ్ల మెయిల్ నేను చూసి వదిలేదాకా క్యూలో ఆగుతుంది. రోజుకి పది వస్తాయి, తొమ్మిది చెత్త. "తర్వాత" అని నొక్కాను.

ఫిబ్రవరి 25, ఉదయం 5:35

రోజాకి ముందు సహరీ తిన్న ప్లేటు కూడా కడగలేదు. గడువు అయిపోయింది. "అభ్యంతరాలు ఏమీ రాలేదు" అని నేనే నోటీసు పెట్టాను. చైర్ ఎస్తేలా గారు ప్రపోజల్ పాసైందని ప్రకటించారు. డెబ్బై రెండేళ్ల మనిషి, ఉరుగ్వేలో రిటైరైన లెక్కల టీచర్. నా నోటీసు కింద ఎప్పటిలాగే థాంక్యూ మెహర్ అని రాశారు.

ఫిబ్రవరి 26

క్యూ ఖాళీ చేస్తుంటే దొరికింది.

పసిఫిక్‌లో ఒక చిన్న దీవి నుంచి లోసా అనే లైబ్రేరియన్. 22న రాసింది. తుఫానుకి సముద్రం అడుగున కేబుల్ తెగిందట. పడవలో పక్క దీవికి వెళ్లి ఈ మెయిల్ పంపుతున్నానంది. రెండు మీటింగులు పోయాయి, మార్చి 4న మూడోది. అదీ పోతే తమ దీవికున్న ఒక్క ఓటూ పోతుంది. ఇంటర్నెట్ లేక రాలేనివాళ్లని ఇంటర్నెట్ సభలోంచి తీసేస్తారా అని అడిగింది.

పడవెక్కి వచ్చింది. నేను "తర్వాత" అన్నాను.

నా కాంట్రాక్టు మార్చి 31తో అయిపోతుంది. రెన్యువల్ తేల్చేవాళ్లు ఈ లిస్టులోనే ఉన్నారు. మెట్లు ఎక్కుతున్నాను, దిగుతున్నాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావేమే, పడుకో అని అమ్మ తిట్టింది.

ఫిబ్రవరి 27

అప్రూవ్ నొక్కాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మెయిల్ తన పాత తేదీతోనే వెళ్లి ఆర్కైవ్‌లో 22 కింద కూర్చుంది, అప్పటి నుంచి అక్కడే ఉన్నట్టు.

ఫిబ్రవరి 28

దాని గురించి లిస్టులో ఒకటే గోల. అందరూ ఎదుటివాళ్లని, నువ్వెలా చూడలేదు అంటున్నారు.

మధ్యాహ్నం ఎస్తేలా గారు రాశారు. మెయిల్ గడువులోపే వచ్చిందట, చదవనిది తనేనట, ఈ వయసులో కళ్లు సరిగా ఆనడం లేదట. లోసాకి క్షమాపణ. ప్రపోజల్ వెనక్కి తీసుకుని కొత్తగా లాస్ట్ కాల్ పెడుతున్నారు. 4వ తేదీ మీటింగ్ తర్వాత చైర్ వదిలేస్తారట.

కిందికి దిగితే నాన్న తడిసి మచ్చపడ్డ కాయల్ని బస్తా మధ్యలో పోసి పైన మంచివి సర్దుతున్నాడు. ఇది మోసం నాన్నా అని అరిచాను. ఒరేయ్ మెహరూ, మిర్చి యార్డులో అడిగితే చెబుతాలే, అడక్కపోతే నాకేం పట్టింది అన్నాడు. ఎప్పుడూ లేనిది ఇంత కోపం ఎందుకన్నాడు. పైకొచ్చేశాను.

నా మీద నాకే అసహ్యం.

మార్చి 1, ఆదివారం

పదకొండు సార్లు రాసి చెరిపాను. ఉదయం 10:40కి పంపాను. మెయిల్ ఆపింది నేను, చూడనిది నేను, దొంగతనంగా వదిలింది నేను. ఎస్తేలా గారి కళ్లు బాగానే ఉన్నాయి. అంతే రాశాను. వాన సంగతి రాయలేదు.

మార్చి 2

ఎస్తేలా గారు విడిగా రాశారు. 27నే తెలుసట. హెడర్ తెరిస్తే మెయిల్ ఎప్పుడు రాసిందీ, తనకి ఎప్పుడు అందిందీ రెండూ కనబడ్డాయట. చైర్ పోతే తనకి ఆదివారాలు మిగులుతాయి, నాకైతే బతుకుతెరువు పోతుంది, అందుకని తన మీద వేసుకున్నారట. ఇంత తొందరపడతావనుకోలేదు అని కోప్పడ్డారు కూడా.

నాకూ కోపం వచ్చింది. తెలిసి రెండు రోజులు నన్ను అబద్ధంలో ఉండనిచ్చారు. తర్వాత ఏడ్చాను. రోజా కదా, కళ్లకి నీళ్లెక్కడివో.

ఆఫీసువాళ్లు క్యూ తాళాలు నా దగ్గర తీసుకుని కోటేష్‌కి ఇచ్చారు. నా టీమ్‌లో వాడే చిన్న. కాంట్రాక్టు సంగతి నెలాఖరున చూద్దామన్నారు.

మార్చి 4, మధ్యాహ్నం 3:10

లోసా మీటింగ్‌లో చేరింది. పేరు కనిపిస్తోంది, లైను సరిగా లేక మాట రావడం లేదు. ఆమె గొంతు ఎప్పుడందినా వినబడాలని చైర్‌లో ఉన్న ఎస్తేలా గారు తన మైకు మూసేశారు. తర్వాత అందరూ. నూట పన్నెండు మంది. పద్దెనిమిది నిమిషాలైంది, ఇంకా ఎవరూ వెళ్లలేదు. మినిట్స్‌లో ఏం రాయాలో తెలియక "వింటున్నాం" అని రాశాను.