తునికాకు పాట పాడిందెవరో పాల్వంచ వింది

ద్వాలీ,

నేను, వసంతను. నువ్వు పోయి మొన్న శ్రావణానికి ఐదేళ్లు నిండాయి. ఈ ఐదేళ్లలో నీకు ఒక్క ముక్క రాయలేదు. రాయడానికి ముఖం చెల్లలేదు. ఇప్పుడు ఒక పని చేసి వచ్చాను. అది నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మోహన్ పరువు తీశాను. పాల్వంచలో సగం ఇళ్లు చూస్తుండగా తీశాను. భయం లేదు, పట్టలేనంత సంతోషం. ఒకడి తల దించి ఇంత సంతోషపడడం మంచిది కాదంటారేమో. అననీ.

నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి చెప్పుకొస్తాను. ఎక్కడా నాకు నేను అనుకూలంగా మార్చి చెప్పకుండా ఉండాలంటే అదే దారి.

కొత్తగూడెంలో మనం డిగ్రీ రెండో ఏడు. కాలేజీల యువజనోత్సవంలో ఆ ఏడాది కొత్తగా వీడియో పాట పోటీ పెట్టారు. నలుగురు కలిసి ఒక బృందం. పాట సొంతంగా కట్టాలి, సొంతంగా తీయాలి. మన క్లాసులో కెమెరా దొరికేది మోహన్ ఒక్కడికే. పాల్వంచలో వాళ్ల నాన్నకు పెళ్లి క్యాసెట్లు తీసే షాపు ఉంది కదా, కాబట్టి వాడు లీడరు. లీడరు మరదలు కాబట్టి సుజాత. పాట కట్టగలిగిన దానివి కాబట్టి నువ్వు. నీ గదిలో ఉంటాను కాబట్టి నేను. నాకేమీ రాదని నలుగురికీ తెలుసు... టేప్ రికార్డర్ మోయడం, కాగితాలు రాయడం నా వంతుకు వచ్చాయి.

హాస్టల్ మెస్సు బల్ల మీద కూర్చుని షాట్లు రాసుకున్నాం, గుర్తుందా? చరణంలో వాగు ఎక్కడ రావాలి, కొమ్మ వంచడం ఎక్కడ రావాలి... నువ్వు కళ్లు మూసుకుని చెప్తుంటే నేను రాసేదాన్ని. ఎండాకాలం తెల్లవారకముందే మీ అమ్మ బీడీలు చుట్టే తునికాకు కోతకు పోవడం మీద కట్టావు ఆ పాట. "ఆకు మీద ఆకు పేర్చె మాయమ్మ... పొద్దు మీద పొద్దు పేర్చె మాయమ్మ..." అని నువ్వు మొదటిసారి ఎత్తుకున్నప్పుడు మెస్సులో వడ్డించే ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. నా కంచంలో అన్నం సగమే పడింది.

మోహన్ వాళ్ల షాపులో కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి రికార్డు చేశాం. చెమటలు కారుతున్నా ఒక్క తడవలో పాడేశావు. ఇంకోసారి పాడమంటే నవ్వావు. "మా అమ్మ ఒక్క ఆకు రెండుసార్లు కోస్తదా?" అన్నావు.

ఇక షూటింగు రోజు... మీ తండా అంచున, తునికి చెట్ల దగ్గర. అప్పటిదాకా తెర మీద నువ్వే కనబడతావనుకున్నాం. పొద్దున్నే బస్సు దిగాక, కెమెరా సంచి విప్పుతూ వాడు తేలిగ్గా అనేశాడు, కెమెరాకు నీ ముఖం పట్టదని, సుజాత ముఖం అయితే వెలుగొస్తుందని. నీ ముందే అన్నాడు. నేను నీ వైపు చూడలేకపోయాను. నువ్వే నా భుజం తట్టావు.

"పాట నోట్లె ఉంటదా, మొకంల ఉంటదా? తియ్యనియ్యే వసంతా, జల్దీ అయిపోతది" అన్నావు.

అంతటితో ఊరుకున్నారా? నీ పెళ్లికని మీ అమ్మ కుట్టి దాచిన అద్దాల లంగా, రవిక అడిగి తెప్పించి సుజాతకు కట్టించారు. కింద మాత్రం ఎత్తు మడమల చెప్పులు! ఆ చెప్పులతో తునికాకు కోసే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఆమె ముఖం మీదికి వెలుగు కొట్టడానికి అట్టకు వెండి కాగితం అంటించి నీ చేతికిచ్చారు. మధ్యాహ్నం దాకా ఎండకు ఎదురు నిలబడి, నీ పాటకు పెదవులాడించే ముఖానికి నువ్వే వెలుగు పట్టావు.

నా తప్పు కూడా అక్కడే జరిగింది. టేప్ రికార్డరుకు కొత్త సెల్లులు తెమ్మని నాకు చెప్పారు. నేను తేలేదు. పాతవాటినే మూడు రోజులు హాస్టల్ పిట్టగోడ మీద ఎండలో పెట్టి వేడెక్కించుకుని వచ్చాను. ఇంట్లో మా నాన్న రేడియోకి ఎప్పుడూ అలాగే చేసేవాడు మరి. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణానికి టేపు మూలగడం మొదలుపెట్టింది. నీ గొంతు ముసలి మగవాడి గొంతులా సాగింది. సుజాత పెదవులు ఎటు కదపాలో తెలియక నిలబడిపోయింది.

"పాట గుంజుతుందే... ఏందే వసంతా, సెల్లులు ఎండల పెట్టినవా ఏంది?" అని విరగబడి నవ్వావు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అట్ట పట్టుకునే, కెమెరా వెనక నుంచి, మిగతా పాటంతా నువ్వే గొంతెత్తి పాడావు. నీకు తోడుగా ఆమె పెదవులాడించింది. ఆ పూట నన్ను ఎవరూ తిట్టకుండా కాపాడింది నువ్వే.

తర్వాత సంగతి నీకు చెప్పాలా? కాలేజీ హాల్లో పాట వేశారు. సుజాత పెదవులు అతకని చోటల్లా మోహన్ వాగునీళ్లూ కొంగలూ అతికించాడు. చివర పేర్లు పడ్డాయి. "గానం: సుజాత". నీ పేరు సహాయం చేసినవాళ్లలో, అట్ట పట్టినందుకు. హాలంతా చప్పట్లు... మొదటి బహుమతి. నా పక్కన కూర్చున్న నువ్వు లేచి బయటికి నడిచావు.

నువ్వు ఊరుకోలేదు. మర్నాడే పోటీలు చూసే సార్ దగ్గరికి వెళ్లావు. సార్ నలుగుర్నీ స్టాఫ్ రూముకు పిలిచారు. సుజాతే పాడిందనీ, నువ్వు ప్రాక్టీసులో వంత పాడావనీ మోహన్ కళ్లార్పకుండా చెప్పాడు. అప్పుడు సార్ నా వైపు తిరిగారు. ఎవరు పాడారో నన్ను చెప్పమన్నారు.

ఇద్దరూ పాడారు సార్ అన్నాను.

స్టాఫ్ రూముకు వెళ్లేముందే మోహన్ నాకు చెప్పి ఉంచాడు, గొడవ బయటపడితే బహుమతి పోతుందని, నలుగురిలో ఎవరూ హైదరాబాద్ పోటీకి వెళ్లరని. నేను అప్పటికి హైదరాబాద్ చూడలేదు ద్వాలీ. అదే కారణం. ఇంకో గొప్ప కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఐదేళ్లు వెతికాను... దొరకలేదు.

 గదికి వచ్చి బట్టలు సర్దుకుంటూ, "హైదరాబాద్‌ల అన్నీ మంచిగ చూడవే, నాకు గూడ చెప్పు" అన్నావు. ఎగతాళికి అన్నావా, మామూలుగానే అన్నావా? ఇప్పటికీ తెలియదు.

సెలవులకు వెళ్లినదానివి మూడో ఏడు చదవడానికి తిరిగి రాలేదు. శ్రావణంలో జ్వరం. వాగు పొంగి బస్సు ఆగింది. మంచం మీద మోసుకుని దవాఖానాకు తెచ్చేసరికి తెలివి లేదట. కొత్తగూడెం హాస్టల్లోనే ఉండి ఉంటే దవాఖానా నడిచి వెళ్లేంత దూరం. నువ్వు తండాలో ఎందుకున్నావో మా నలుగురికి... కాదు, మా ముగ్గురికి తెలుసు.

ఆ రోజు నుంచి మోహన్ అంటే నాకు కడుపు మంట. సుజాతను వాడే పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయ్యాక ఆవిడ పాడడం మానేసిందట పాపం! సంసార బాధ్యతలట! పాడడం ఎప్పుడో మొదలుపెట్టినట్టు...

నేను ఖమ్మంలో ఒక వీడియో షాపులో చేరాను. పెళ్లి క్యాసెట్లు మిక్సింగు చేస్తాను. పెళ్లికూతురు చుట్టూ తామరపూలు తిప్పడం, అప్పగింతల దగ్గర తెరను నెమ్మదించడం... అన్నీ నేర్చుకున్నాను. ఆడపిల్లకు ఈ పనేమిటని మా బోనకల్ చుట్టాలు మూతి విరిచారు. ఎందుకు నేర్చుకుంటున్నానో నాకే సరిగ్గా తెలియదు. ఎప్పుడో ఒకప్పుడు వాడు నా బల్ల దగ్గరికి రాకపోతాడా అని మాత్రం మనసులో ఉండేది.

వచ్చాడు. గడిచిన నెలలో.

పాల్వంచలో కేబుల్ టీవీ నడుపుతున్నాడు. ఇప్పుడు సొంతంగా లోకల్ చానల్ మొదలుపెడుతున్నాడట. ప్రారంభోత్సవం రోజు మొట్టమొదట మన పాట వేయాలని వాడి ముచ్చట. కానీ వానాకాలం చెమ్మకు పాట క్యాసెట్టుకు బూజు పట్టింది. వాళ్ల నాన్న షాపు ఎప్పుడో ఎత్తేశారట, అందుకని షూటింగు నాటి అసలు క్యాసెట్టు, ఆడియో క్యాసెట్టు రెండూ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మళ్లీ అలాగే కలిపి ఇమ్మన్నాడు. నువ్వు మనవాళ్ల పిల్లవి, ఆ రోజు కూడా మా వైపే నిలబడ్డావు అని మెచ్చుకున్నాడు కూడా. నేను నవ్వాను. ఆ నవ్వుకు ఎంత కష్టపడ్డానో...

వాడు వెళ్లాక అసలు క్యాసెట్టు వేసి చూశాను. ద్వాలీ, కెమెరాకు మైకు ఉంటుందని మనమెవరం ఆలోచించలేదు, వాడు కూడా అప్పట్లో ఆ శబ్దం తీసేసి మరిచిపోయినట్టున్నాడు! అంతా ఉంది అందులో. టేపు మూలగడం, నీ నవ్వు, ఆ వెంటనే కెమెరా పక్క నుంచి మోహన్ గొంతు... "ద్వాలీ, జర గట్టిగ పాడు. సెల్లులు అయిపోయినయ్. సుజాతా, నువ్వు ఊకె నోరాడియ్, చాలు." ఆ తర్వాత పాటంతా నీ గొంతే, గాలి చప్పుడుతో కలిసి. వాడు కెమెరా ఆపకుండా చోటు మారినప్పుడు నువ్వు కూడా తెర మీద పడ్డావు. అట్ట ఎత్తి పట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి, పాడుతూ... గట్టిగా పది లెక్క పెట్టేంత సేపు.

కెమెరాకు నీ ముఖం పట్టలేదని ఎవరన్నది?

వారం రోజులు కూర్చున్నాను. మొదటి చరణం వాడికి కావలసినట్టే ఉంచాను, అనుమానం రాకుండా. రెండో చరణం నుంచి అసలు క్యాసెట్టులో మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. వాడి గొంతు వచ్చే చోట శబ్దం ఇంకాస్త పెంచాను. నువ్వున్న ఆ కాసిన్ని క్షణాలను నెమ్మదిగా తిప్పి, మళ్లీ తిప్పి, చివరి చరణమంతా నింపాను. చివర పెద్ద అక్షరాలతో వేశాను... "పాట కట్టింది, పాడింది ద్వాలి". వాడు తీసుకెళ్లేటప్పుడు మొదట్లో కొంచెం చూసి, బాగుందన్నాడు.

పాల్వంచ కాలనీలో మా చిన్నమ్మ వాళ్ల క్వార్టరు ఉంది, వాళ్ల టీవీకి కూడా మోహన్ కేబులే. ప్రారంభోత్సవం రోజు తండాకు పోయి మీ అమ్మను బస్సెక్కించుకుని అక్కడికి తీసుకొచ్చాను. సభకు వెళ్లింది మా బాబాయి. అక్కడ జరిగింది ఆయన చెప్తుంటే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను. వేదిక మీద సుజాతకు శాలువా కప్పారట. పెద్ద టీవీలో పాట మొదలైంది. రెండో చరణంలో వాడి మాటలు వినబడగానే ముందు ఎవరికీ అర్థం కాలేదట. తర్వాత ఒకళ్లు నవ్వారు, తర్వాత వరసంతా నవ్వారు. క్యాసెట్టు నడుస్తున్నది వాడి ఇంటి మేడ మీద. వాడు సభ నుంచి పరుగెత్తి, నాలుగు వీధులు దాటి, మెట్లెక్కేసరికి నీ పేరు పడి పాట అయిపోయింది. పంచె కట్టుకుని పరుగెత్తాడట! ఆ పంచె సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపు నిండుతోంది.

మర్నాడు ఖమ్మం వచ్చి షాపులో అరిచాడు. నీకేం అన్యాయం చేశాను అని అడిగాడు. నాకు చేయలేదు, ద్వాలికి చేశావు అన్నాను. వచ్చే నెల నుంచి పనిలోకి రావద్దని మా ఓనరు చెప్పాడు. సరే అన్నాను. సుజాత మీద జాలి కలుగుతుందేమోనని కూడా ఆగి చూశాను... కలగలేదు.

ఇక్కడితో ఆపేసి నీ ముందు గొప్పగా నిలబడదామనుకున్నాను. కానీ మీ అమ్మ సంగతి చెప్పలేదు కదా.

మీ అమ్మ టీవీకి ఎదురుగా నేల మీద కూర్చుంది. సుజాత ఒంటి మీద అద్దాల లంగా చూసి ముందు దాన్నే గుర్తుపట్టింది. తర్వాత నువ్వొచ్చావు. ఇంట్లో నీ ఫోటో ఒక్కటి కూడా లేదట. మోకాళ్ల మీద ముందుకు జరిగి, అరచెయ్యి టీవీ అద్దానికి ఆనించింది. ఏడవలేదు. చివర అక్షరాలు పడితే ఏం రాశారని అడిగింది. చదివి చెప్పాను. ఆ స్టాఫ్ రూము సంగతి కూడా చెప్పాను, మోహన్ ఎంత దుర్మార్గుడో తెలియాలని. నేను ఏమన్నానో కూడా చెప్పక తప్పలేదు.

టీవీ మీద నుంచి చెయ్యి తీసి నా వైపు తిరిగింది. "మరి గప్పుడు ఎందుకు చెప్పలె బిడ్డా? నా పిల్ల ఇంటికి రాకపోవునేమో" అంది. కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది.

మోహన్ మీద ఐదేళ్లు పళ్లు నూరాను. వాడు అబద్ధం చెప్పాడు, నిజమే. కానీ సార్ అడిగింది నన్ను కదా? నేను నిజం చెప్పి ఉంటే నువ్వు మూడో ఏడు చదవడానికి వచ్చేదానివా? ఆ శ్రావణంలో హాస్టల్లోనే ఉండేదానివా?

వాడి మీద పగ తీరింది. నా మీదిది మిగిలింది.

ఆ సార్ ఇంకా అదే కాలేజీలో ఉన్నారని తెలిసింది. సోమవారం వెళ్తున్నాను. మీ అమ్మ కూడా వస్తానంది. అదే గదిలో, అందరి ముందు, ఎవరూ అడగకపోయినా చెప్తాను... పాడింది ద్వాలి ఒక్కతే సార్, నాకు తెలుసు, తెలిసే అబద్ధం చెప్పాను అని. మీ అమ్మ పక్కన నిలబడి వింటుంది.

అది విని నువ్వు నన్ను క్షమించకు ద్వాలీ. వినడం మాత్రం విను.

వసంత