సాంచాల తప్పు కాదు, ఫోనే మూగది

మన బిడ్డ సాక్షోళ్ల బాపూ,

నిద్ర లేసి నీ కొత్త ఫోన్ కోసం దేవులాడకు. డబ్బా, బిల్లుతోని నేనే దుకాణానికి తీస్కపోతున్న. పప్పు వేడి చేస్కో.

కొన్నప్పటి సంది నువ్వు ఫోన్ల మాట్లాడేది నాకు వినొస్తలేదు. కార్ఖానాల బట్ట నేసే సాంచాల మోత అనుకొని ఊకున్నం. నిన్న శుక్రవారం సాంచాలన్నీ బంద్, చాయ్ హోటల్ కాన్నుంచి చేసినవ్. అయినా నీ గొంతు రాలె!

నువ్వు పోతే దుకాణం సేటు చాయ్ తాపి సాగనంపుతడు. "అమ్మిన మాల్ వాపస్ తీస్కోం" అని బిల్లు మీద రాసినా చెల్లదట. మార్చియ్యకుంటే గిరాకీల ముంగట్నే వినియోగదారుల కోర్టు పేరెత్తుత.

స్వరూప

ఇంకోటి. నీ తిట్లు వినపడక ఇన్నొద్దులు నిమ్మలంగున్న. కానీ నడుమ ఎప్పుడన్న "తిన్నవా" అని అడిగినవో ఏమో! గందుకే కొట్లాడనీకి పోతున్న.