మైకు లేని గురువారం

బంగారుపాళ్యం,
గురువారం ఉదయం.

నా తమ్ముడి లాంటి గిరికి,

ఇంతకీ నువ్వు ఎవరికి భయపడి ఆ మామిడితోట కాపలా గుడిసెలో దాక్కున్నావు? దేవుడికా, కట్టుకున్న గ్రేసీకా, నాకా? నాకే అయితే ఈ ఉత్తరం చించెయ్యకుండా చివరిదాకా చదువు. నీ ఫోన్ మోగడం లేదు, నన్ను చూస్తే లేచిపోతావు. అందుకే గోవిందయ్య చేత పంపిస్తున్నాను. నువ్వు చదివేదాకా ఆయన నీ పక్కనే కూర్చుంటాడు.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ పక్కన కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని దేవుని వాక్యం నేర్చుకున్నాను. ఆదివారం ప్రసంగంలో తాగుడు మీద నేను మాట్లాడితే ప్రార్థన షెడ్డు రేకులు అదిరేవి. ఆ గర్వమే నీ కొంప కాల్చింది.

అదే షెడ్డులో గురువారం సాయంత్రాలు తాగుడు మానుకునేవాళ్ళ కూటం పెట్టుకున్నాం. మైకు లేదు, వేదిక లేదు, చాపల మీద గుండ్రంగా కూర్చోవడమే. మొదలుపెట్టే ముందు గోవిందయ్య ప్రతివారమూ ఒకటే మాట అంటాడు: "ఈడ విన్నది ఈడే వదిలిపెట్టి పోవల్ల." ఎనిమిది నెలలు చుక్క ముట్టకుండా వచ్చాక, ఒక గురువారం నువ్వు నోరు విప్పావు. చివరిసారి తాగిన రోజు మత్తులో నీ కూతురు నిస్సీని భుజాన ఎత్తుకుని పడేశావనీ, బిడ్డ చెయ్యి విరిగితే మెట్ల మీద జారిందని గ్రేసీతో అబద్ధం చెప్పి పుత్తూరు కట్టు కట్టించావనీ. ఏడుస్తూ, "ఆయమ్మికి నేనే చెప్తానన్నా, ఇంగొక్క వారం" అన్నావు.

ఆ ఒక్క వారం నేను ఆగలేదు. ఆదివారం మైకు పట్టుకుని, మన మధ్య ఒక తండ్రి ఉన్నాడు అని మొదలుపెట్టాను. పేరు చెప్పలేదు కదా అనుకున్నాను. కానీ మన సంఘంలో పుత్తూరు కట్టుతో తిరిగిన బిడ్డ ఇంకెవరు? ఆడవాళ్ళ వరుసలో తలలన్నీ గ్రేసీ వైపు తిరిగాయి. ఆమె నిస్సీ చెయ్యి పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ప్రార్థన అయ్యాక కొందరు వచ్చి ప్రసంగం బాగుందన్నారు. నేను సంతోషపడ్డాను గిరీ. అది దాచిపెడితే ఈ ఉత్తరం కూడా అబద్ధమే.

ఆ రోజే నువ్వు తాగావు. తర్వాతి గురువారం గుమ్మం దాకా వచ్చావు. లోపలికి రమ్మంటే నవ్వి, "వద్దులేన్నా, ఈడ దగ్గినా ఆదివారం మైకులో వస్తాది" అన్నావు. మిగిలినవాళ్ళూ అలాగే అనుకున్నట్టున్నారు. పదకొండు మంది కూర్చున్న చోట ఇప్పుడు గోవిందయ్యా, నేనూ.

బైబిల్లో ఓడ కట్టిన ఆ భక్తుడు తాగి గుడారంలో బట్టల్లేకుండా పడిపోయిన సంగతి ఎన్నిసార్లు ప్రకటించానో లెక్కలేదు. ప్రతిసారీ తాగినవాణ్ణే తిట్టాను. అది చూసి, బయటికి వచ్చి చెప్పిన కొడుకు ఇంటి మీదే శాపం పడిందన్న మాట చదువుతూనే దాటిపోయాను. వెనక్కి నడిచి, చూడకుండా తండ్రికి బట్ట కప్పిన మిగతా కొడుకుల పని నాకు చేతకాలేదు.

నిన్న పుత్తూరులో గ్రేసీ పుట్టింటికి వెళ్ళాను. కాళ్ళ మీద పడబోతే పక్కకు జరిగింది. అప్పుడు అంది: "నిస్సీ ఆ పొద్దే నాకు చెప్పేసిందన్నా. నాకు తెలుసని ఆయనకి తెలీదు. ఆయన నోటితో ఎప్పుడు చెప్తాడా అని ఎనిమిది నెల్లు కాసుకోని ఉన్నా. మీరు దాన్ని ఎత్తుకోనిపోయి ఊరికి పంచిపెట్టినారు."

తలవంచుకుని వచ్చేస్తుంటే వెనక నుంచి, "ఆయన్నే వచ్చి చెప్పమనండి. ఇంగా కాసుకోనే ఉండాను" అంది. క్షమించానని అనలేదు, అన్నదని నేను చెప్పను.

షెడ్డు తాళం గోవిందయ్యకు ఇచ్చేశాను. ఇక ప్రసంగం చెయ్యను. ఈ సాయంత్రం ఐదింటికి గ్రేసీ అక్కడికి వచ్చి చాప మీద కూర్చుంటానంది. నేను ఆ వీధిలో కూడా ఉండను. రేపు తాగుడు మానేసి వస్తాను అనకు. అలా అన్నవాళ్ళను ఎందరినో నా చేతులతో మట్టిలో పెట్టాను. తాగి ఉన్నా సరే, కాళ్ళు తడబడితే గోవిందయ్య భుజం పట్టుకో. ఈ కాగితం అక్కడే పడేసి లేచి రా గిరీ, ఈరోజే, ఇప్పుడే.

నీకు ద్రోహం చేసిన అన్న,
కుప్పయ్య