అలివేలమ్మ అనేవారు లేరు
అన్నం కుండలో ఉంది, మజ్జిగ ఉట్టి మీద ఉంది. బర్రెకు కుడితి పెట్టండి. నేను తమ్ముడి వెంట వరికుంటపాడు పోతున్నాను. అమ్మ మంచం పట్టింది. రమ్మని వాడు నాకు రాసిన కార్డు, "అలివేలమ్మ అనేవారు లేరు" అని తిరిగిపోయిందట.

పోస్టుమాన్ మదార్ సాహెబును నిలదీశాను. "మీ ఆయన్నే అడిగినానమ్మా. అట్టాంటోళ్ళు మా ఇంట్లో లేరన్నాడు" అన్నాడు.

మీ అవ్వ పేరూ అదేనని పెళ్లినాడే నన్ను సుగుణను చేశారు. అసలు పేరు మీకు గుర్తే లేదా?

బియ్యం, పప్పు ఉన్న గది తాళంచెవి నా కొంగున కట్టుకుపోతున్నాను. కావాలంటే కార్డు రాయండి. సుగుణ పేరున వస్తే మాత్రం, అలాంటి మనిషి ఇక్కడ లేదని నేనే తిప్పి పంపిస్తాను.

అలివేలమ్మ